సింహాచలం: రాజులు మారిన గుడి

జపాన్ దేశంలోని మియె రాష్ట్రంలో ఇసె అనే పట్టణం ఉంది. అక్కడి షింటో దేవాలయంలో ప్రధాన దేవత సూర్యదేవి అమతెరాసు. జపాన్ చక్రవర్తుల వంశానికి ఆమెయే మూలమాత అని ఆ దేశపు ప్రాచీన విశ్వాసం. ప్రతి ఇరవై ఏళ్లకు ఆ ఆలయాన్ని కొత్త కలపతో పక్క స్థలంలో తిరిగి నిర్మిస్తారు. ఈ ఆచారం జితో మహారాణి కాలంలో, 690వ సంవత్సరంలో మొదలయిందని చెబుతారు. 62వ పునర్నిర్మాణం 2013లో పూర్తయింది. 2019లో సింహాసనాన్ని అధిష్ఠించిన నరుహితో చక్రవర్తి పట్టాభిషేక విధులు ముగిసిన వెంటనే, అదే సంవత్సరం నవంబరులో, ఇసెకు వెళ్లి ఆ విషయాన్ని దేవతకు నివేదించాడు. వంశం ఒక్కటే, దేవత ఒక్కతే. మారేది గుడి కలప మాత్రమే.

తెలుగునాట రాజులతో ముడిపడిన ప్రాచీన క్షేత్రాలను పరిశీలిస్తే సరిగ్గా ఇందుకు విరుద్ధమైన చిత్రం కనబడుతుంది. ఇక్కడ గుడి రాతిది, అది నిలిచి ఉంది. మారుతూ వచ్చినవి వంశాలు. ఈ సత్యాన్ని విశాఖపట్నానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని సింహాచలం చెప్పినంత స్పష్టంగా మరొక క్షేత్రం చెప్పదేమో.

సింహగిరిపై వెలసిన శ్రీ వరాహ లక్ష్మీనృసింహస్వామిని ఉత్తరాంధ్ర ప్రజలు సింహాద్రి అప్పన్న అని పిలుస్తారు. అప్పన్న, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం, సింహాద్రి — ఈ పేర్లు లేని ఊరు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలలో ఉండదు. బతుకుతెరువుకై ఢిల్లీకి వచ్చి ఇందిరాపురం వంటి శివారు కాలనీలలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో సైతం ఈ పేర్లు వినబడవచ్చు. రాజుల చరిత్ర చెప్పుకొనే ముందు ఈ మాట అనుకోవడం అవసరం. ఎందుకంటే సింహాచలంలో లభించిన శాసనాలలో అతి ప్రాచీనమైనది రాజుది కాదు. 11వ శతాబ్ది చివరి భాగానికి, కుళోత్తుంగ చోళుని పాలనాకాలానికి చెందిన ఆ శాసనం ఒక సామాన్య వ్యక్తి స్వామికి తోటను దానమిచ్చిన సంగతిని నమోదు చేసింది. అంటే అప్పటికే గుడి ఉంది, పూజ ఉంది, పూలు కావలసి ఉన్నాయి. స్థలపురాణం ఈ క్షేత్రాన్ని ప్రహ్లాదునితోను, ఆ పిమ్మట పుట్టలో కప్పబడిన స్వామిని కనుగొన్న పురూరవ చక్రవర్తితోను ముడిపెడుతుంది. చరిత్రకారునికి ఆధారం మాత్రం ఆ తోట దానమే.

కొండ ఎక్కిన యాత్రికునికి మొదట ఆశ్చర్యం కలిగించేది ఆలయం పడమటి దిక్కుకు తిరిగి ఉండడం. లోపలికి వెళితే ముఖమండపంలో కప్పస్తంభం ఉంటుంది. సంతానం కోరి దానిని కౌగిలించుకొనే దంపతులు ఈనాటికీ కనిపిస్తారు. ఒకనాడు భక్తులు అక్కడ స్వామికి కప్పం చెల్లించేవారు కనుక ఆ పేరు వచ్చిందంటారు. కప్పం అనేది సామంతుడు సార్వభౌమునికి చెల్లించే పన్ను. దేవునికి ఇచ్చే కానుకకు ఆ మాట వాడడంలోనే ఈ కొండపై ఎవరు రాజో చెప్పకనే చెప్పినట్లయింది. ఉత్తరాన 96 నల్లరాతి స్తంభాల మండపం, రాతి చక్రాలతో రాతి గుర్రాలు లాగుతున్నట్లు చెక్కిన చిన్న రథం, వెలుపలి గోడలపై హిరణ్యకశిపుని సంహరిస్తున్న నరసింహుడు, బారులు తీరిన ఏనుగులు — ఇవన్నీ చూసినవారికి కోణార్క స్ఫురించక మానదు. అది యాదృచ్ఛికం కాదు.

12వ శతాబ్దిలో వెలనాటి చోడులలో మూడవ గొంకరాజు దేవేరి మూలమూర్తికి బంగారు తొడుగు చేయించిందని ఒక శాసనం తెలుపుతున్నది. అటుపిమ్మట ఈ ప్రాంతం తూర్పు గాంగుల అధీనమయింది. ఆ వంశంలో మూడవ అనంగభీమదేవుడు 13వ శతాబ్ది తొలి భాగంలో ఒక అపూర్వమైన పని చేశాడు. తన రాజ్యానికి నిజమైన ప్రభువు పూరీలోని పురుషోత్తముడేనని, తాను ఆయనకు రౌతును, అంటే ప్రతినిధిని మాత్రమేనని ప్రకటించుకొన్నాడు. రాజు దేవుని బంటయ్యాడు. పూరీ రథయాత్రలో గజపతి మహారాజు బంగారు చీపురుతో రథం ముంగిట ఊడ్చే ఆచారం వెనుక ఉన్నది ఈ భావమే. అనంగభీముని కుమారుడు మొదటి నరసింహదేవుడు కోణార్క సూర్యదేవాలయ నిర్మాత. సింహాచలంలో గర్భాలయ విమానాన్ని, ముఖమండప నాట్యమండపాలను, చుట్టూ ఉన్న కైసాలను నల్లరాతితో కట్టించిన కీర్తి కూడా ఆయన పేరిటనే ఉంది. 1267-68 నాటి శాసనం ఈ నిర్మాణాన్ని పేర్కొంటున్నది. నేడు యాత్రికుడు చూస్తున్న ప్రధానాలయం ఆ కాలానిదే.

ఇసెతో పోలిక ఇక్కడ కొంత లోతుగా ఆలోచింపజేస్తుంది. జపాన్ చక్రవర్తి దేవతకు వంశజుడు. రక్తసంబంధం కనుక దానిని మరొకరు గెలుచుకోవడం గాని, కొనుక్కోవడం గాని సాధ్యం కాదు. పూర్వం పెళ్లికాని రాజకుమార్తెను ఇసెకు పంపి దేవతాసేవకు నియమించేవారు. 14వ శతాబ్దిలో ఆ పద్ధతి ఆగిపోయింది. గాంగరాజు మాత్రం దేవునికి సేవకుడు. సేవకత్వం పదవి వంటిది. ఒక వంశం తొలగిపోతే మరొక వంశం ఆ స్థానంలో నిలబడవచ్చు. గుడికి నష్టం లేదు. పైగా కొత్తగా వచ్చిన రాజుకు ఆ సేవ వల్ల తన పాలనకు ఒక ఆమోదం లభిస్తుంది. సింహాచలం చరిత్ర అంతటా జరిగినది ఇదే.

గాంగుల కాలపు శాసనాలలో రాజులకంటె ఇతరులే ఎక్కువగా మాట్లాడతారు. దక్షిణ భారత శాసనాల ఆరవ సంపుటంలో అచ్చయిన సింహాచల శాసనాలను తిరగేస్తే సేనానులు, కరణాలు, వర్తకులు, వారి ఇల్లాండ్రు వరుసగా కనిపిస్తారు. ఇన్ని గండమాడలు శ్రీభండారంలో పెట్టితిమి, ప్రతిగా అఖండదీపం వెలగాలి, ఇంత ప్రసాదం రావాలి అన్నది వాటి సారాంశం. దానశాసనం అంటే భక్తి ప్రకటన అని మాత్రమే అనుకొనేవారికి ఇవి చక్కని పాఠం. వీటిలో సగం నేటి బ్యాంకు డిపాజిట్ పత్రాల ధోరణిలో ఉంటాయి. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థులు కళింగ రాజ్యవ్యవహారాలు నిర్వహించినది కూడా ఈ యుగంలోనే. 1281 నాటి శ్రీకూర్మ శాసనం ఆయనను స్మరిస్తుంది. తెలుగు వచన రచనకు ఆద్యులలో ఒకడుగా పేరొందిన కృష్ణమాచార్యుడు సింహగిరి వచనాలను ఈ స్వామికే అంకితంగా పలికాడు. రాజులు రాళ్లు కట్టించారు. మాటలు కట్టినవాడు మాత్రం ఒక భక్తుడు.

ఇక ప్రసిద్ధ ఘట్టం. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని జయించి, కొండపల్లి మీదుగా ఉత్తరానికి సాగి సింహాద్రి చేరాడు. పొట్నూరులో జయస్తంభం నాటాడు. సింహాచలం అప్పటికి శత్రువైన ప్రతాపరుద్ర గజపతి రాజ్యంలోని ఆలయం, గజపతులు తరతరాలుగా కొలిచిన దైవం. గెలిచిన రాజు దానికి ఏమి చేశాడు? 1516 నాటి శాసనం సమాధానం చెబుతుంది. తన తల్లి నాగలాదేవికి, తండ్రి నరసానాయకునికి పుణ్యంగా 991 ముత్యాల హారాన్ని, వజ్రాలు పొదిగిన కడియాల జతను, శంఖచక్ర పతకాలను, బంగారు పళ్లెరాన్ని సమర్పించాడు. 1519లో మరొక శాసనం వేయించాడు. అనంతరం ప్రతాపరుద్రునితో సంధి జరిగింది, ఆయన కుమార్తెను రాయలు వివాహమాడాడు, కృష్ణకు ఉత్తరాన ఉన్న భూభాగాన్ని తిరిగి గజపతికే అప్పగించాడు. నేల తిరిగి ఇచ్చివేశాడు గాని హారాన్ని వెనక్కు తీసుకోలేదు. దేవుని భండారం గెలుపోటముల లెక్కలోకి రాదు. ముత్యాలను ఒక్కొక్కటి లెక్కించి 991 అని రాతిపై చెక్కించిన ఆ లేఖకుని ఓపిక కూడా స్మరణీయమే. వేయి అని ఒక మాటలో తేల్చివేసి ఉండవచ్చు.

16వ శతాబ్ది చివరకు గజపతుల అధికారం అంతరించి ఈ ప్రాంతం గోల్కొండ కుతుబ్‌షాహీల పాలనలోకి వచ్చింది. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట 1652లో శ్రీకాకుళం సర్కారుకు వచ్చినవాడు పూసపాటి మాధవవర్మ. కృష్ణా తీరపు పూసపాడు ఆ వంశానికి ఇంటిపేరునిచ్చిన గ్రామం. 1713లో విజయనగరం కోట వెలసింది. క్రమంగా ఈ వంశీయులు గజపతి బిరుదును ధరించి ఉత్తర సర్కారులలో అగ్రగణ్యులైన జమీందారులయ్యారు. సింహాచల దేవస్థానం వారి సంరక్షణలోకి వచ్చింది. అంటే, తొలి శాసనానికీ విజయనగరం కోటకూ మధ్య ఆరు వందల ఏళ్లకు పైబడిన అంతరం ఉంది. ఈ విషయం ముందుముందు అవసరమవుతుంది.

పూసపాటివారి చరిత్ర రక్తసిక్తమైనదే. పెద విజయరామరాజు 1757 బొబ్బిలి యుద్ధానంతరం తాండ్ర పాపారాయుని చేతిలో మరణించాడు. చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభంలో ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగాడు. అటుపిమ్మట ఆ వంశానికి సైన్యం లేదు, స్వతంత్రాధికారం లేదు. మిగిలినవి భూమి, విద్యాదానం, సింహాద్రి అప్పన్న సేవ. గురజాడ అప్పారావు కన్యాశుల్కాన్ని అంకితం పుచ్చుకొన్న ఆనందగజపతి ఈ వంశంవాడే. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీ కూడా పోయింది. పి.వి.జి. రాజు (1924–1995) సోషలిస్టుగా ఎన్నికలలో నిలిచి పార్లమెంటుకు వెళ్లాడు. 1958లో మాన్సాస్ విద్యాసంస్థను స్థాపించి విజయనగరం కోటను చదువులకు ఇచ్చివేశాడు. అయినప్పటికీ ఆయన సింహాచలం ధర్మకర్తగా కొనసాగాడు. రాజ్యం పోయిన రాజు, జమీ వద్దన్న సోషలిస్టు, దేవుని ముంగిట వంశపారంపర్య సేవకుడు — ఈ మూడూ ఒకే మనిషిలో ఇమిడిన కాలం అది.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగబద్ధమైన ప్రభుత్వానికి గుడితో సంబంధం ఎట్లుండాలన్న ప్రశ్న జపాన్‌లోనూ మన దేశంలోనూ దాదాపు ఒకే దశకంలో తలెత్తింది. అక్కడ 1945 డిసెంబరు ఉత్తర్వు షింటో మతాన్ని ప్రభుత్వం నుంచి పూర్తిగా వేరు చేసింది. ఇసె దేవాలయం ప్రభుత్వేతర మతసంస్థగా మారింది. అయినా చక్రవర్తి బంధుత్వం వదలలేదు. చక్రవర్తి కుటుంబంలో జన్మించిన స్త్రీయే అక్కడ ప్రధానార్చక పదవిలో ఉంటున్నారు; 2017 నుంచి ఆ పదవిలో ఉన్నవారు నరుహితో సోదరి సయకో కురోదా. మన వద్ద జరిగినది భిన్నం. ప్రభుత్వం గుడి నుంచి దూరంగా జరగలేదు. గుడి పాలనలోకి వచ్చింది. దేవాదాయ శాఖ, కార్యనిర్వహణాధికారి, ధర్మకర్తల మండలి — ఈ యంత్రాంగం రాజు స్థానంలో నిలిచింది. పూర్వం వెలనాటి చోడులు, గాంగులు, రాయలు నిలబడిన చోటనే ఇప్పుడు ప్రజాప్రభుత్వం నిలబడినదనుకొంటే, ఈ కొండ చరిత్రలో ఇదీ ఒక వంశం మార్పే.

1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని రద్దు చేసింది. ఆ నిబంధనలను ప్రశ్నించిన పన్నాలాల్ బన్సీలాల్ పిట్టి కేసులో 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. రద్దు చెల్లుతుందని చెబుతూనే, సంస్థను స్థాపించినవారి కుటుంబ సభ్యునికి ధర్మకర్తల మండలి అధ్యక్షత దక్కాలని న్యాయస్థానం మధ్యేమార్గం చూపింది. విజయనగరం కుటుంబం సింహాచలంలో తన స్థానాన్ని నిలుపుకొన్నది ఈ వ్యవస్థలోనే. చట్టం దృష్టిలో పూసపాటివారు వ్యవస్థాపక కుటుంబం. శాసనాల దృష్టిలో గుడి వారికంటె ఆరు శతాబ్దాలు పెద్దది. రెండూ తమ తమ పరిధిలో సరైనవే. చట్టం అడిగేది మొదటి రాయి ఎవరు వేశారని కాదు, ఇటీవలి కాలంలో ఎవరు బాధ్యత వహించారని.

ఆ బాధ్యతపై వివాదమూ తప్పలేదు. పి.వి.జి. రాజు అనంతరం పెద్ద కుమారుడు ఆనందగజపతిరాజు, ఆయన 2016లో మరణించిన పిదప సోదరుడు అశోక్ గజపతిరాజు అధ్యక్షులయ్యారు. 2020 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆనందగజపతి కుమార్తె సంచయితను ఆ స్థానంలో నియమించింది. 2021 జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేయడంతో అశోక్ గజపతిరాజు తిరిగి అధ్యక్షులయ్యారు. ఈ వివాదంలో వంశంలోని పెద్ద పురుషునికే హక్కా, కుమార్తెకు ఉండదా అన్న ప్రశ్న కూడా చర్చకు వచ్చింది. రాజవంశాల గ్రంథాలలో ఎప్పుడూ ఉన్న ప్రశ్నే అయినా, ఈసారి దానిపై పోరు జరిగినది యుద్ధభూమిలో కాక న్యాయస్థానంలో. పంచగ్రామాలుగా పేరుపడిన కొండ చుట్టుపక్కల ఊళ్లలో దేవస్థానం భూములపై ఇళ్లు కట్టుకొన్న వేలాది కుటుంబాల హక్కుల సమస్య దీనికంటె ఎన్నో రెట్లు బరువైనది. రాజు ఇచ్చిన దానం ఎంత పవిత్రమో, ఆ నేలపై రెండు మూడు తరాలుగా కాపురముంటున్నవారి కష్టమూ అంత వాస్తవమే.

రాజుకూ స్వామికీ ఉన్న సంబంధం నేడు కళ్లకు కట్టేది వైశాఖ శుద్ధ తదియనాడు, అక్షయతృతీయ పర్వంలో. ఏడాది పొడుగునా స్వామి చందనపు పూతలో, దాదాపు లింగాకృతిలో కనిపిస్తాడు. ఉగ్రమూర్తిని చల్లబరచడానికే ఈ పూత అని విశ్వాసం. చందనోత్సవంనాటి వేకువకు ముందే అర్చకులు వెండి బొరిగెలతో చందనాన్ని మెల్లగా ఒలుస్తారు. వరాహ ముఖంతో, నరుని దేహంతో, సింహపు తోకతో నిజరూపం బయటపడుతుంది. ఆ రూపాన్ని ముందుగా దర్శించే హక్కు అనువంశిక ధర్మకర్తకు, వారి కుటుంబానికి ఉంది. తొలి చందనం సమర్పించేవారూ వారే. తిరుమల తిరుపతి దేవస్థానం, రాష్ట్ర ప్రభుత్వం తమ తమ వంతుగా పట్టువస్త్రాలు పంపుతాయి. ఇక తక్కిన దినమంతా జనానిది. ఏడాదికి ఆ కొద్ది గంటలే నిజరూప దర్శనం కనుక లక్షల మంది రాత్రి నుంచే కొండపై నిలబడతారు.

తొలి దర్శనం గురించి వ్రాసేవారు వరుసలలో నిలబడినవారి గురించి వ్రాయకుండా ఉండడానికి వీలు లేదు. 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవంనాటి తెల్లవారుజామున, గాలివానకు కొత్తగా కట్టిన గోడ ఒకటి టిక్కెట్టు వరుసపై కూలి ఏడుగురు భక్తులు మరణించారు. గర్భాలయపు నల్లరాతి గోడ 750 ఏళ్లకు పైగా వానలకు తడుస్తూ నిలిచి ఉంది. గాంగరాజు గుడి కట్టించిననాడు అక్కడికి వచ్చే జనం వందలలో ఉండి ఉంటారు, ఇప్పుడు లక్షలలో ఉన్నారన్నది నిజమే. కాని ఆలయాన్ని ఏలే బాధ్యతను స్వీకరించినవారు, వారు రాజులైనా ప్రభుత్వమైనా, ఆ లక్షల మందికి జవాబు చెప్పవలసినవారే. కప్పం అందుకొన్న ప్రభువు రక్షణ ఇవ్వాలన్నది పాత ధర్మశాస్త్రాలకూ కొత్త చట్టాలకూ ఉమ్మడి సూత్రం.

ఆనాటి రాత్రి దర్శనాలు ముగిసిన తరువాత గంగధార జలాన్ని కలశాలతో మోసుకువచ్చి సహస్రఘటాభిషేకం చేస్తారు. ఆ పిమ్మట అరగదీసి సిద్ధం చేసిన మూడు మణుగుల చందనాన్ని స్వామికి పూస్తారు. వైశాఖ పూర్ణిమకు మూడు మణుగులు, జ్యేష్ఠ పూర్ణిమకు మూడు, ఆషాఢ పూర్ణిమకు మూడు కలిసి మొత్తం పన్నెండు మణుగులవుతుంది. ఆషాఢ పూర్ణిమకు ముందురోజున మొదలుపెట్టి జనం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేస్తారు. అప్పటికి వర్షాలు పడి దారి బురదగా ఉంటుంది. తొలి దర్శనం, మలి దర్శనం అనే తేడా ఆ దారిలో లేదు. నడిచేవారిలో ఎక్కువమంది పల్లెలవారు. పిల్లలను భుజాన ఎక్కించుకొని, అప్పన్నా అని ఒకరినొకరు పిలుచుకొంటూ తెల్లవారేసరికి తిరిగి కొండ పాదానికి చేరుకొంటారు.